రెండు గ్లాసుల బియ్యం

ఆదివారం పొద్దున్నే బస్సు డ్రైవరు నడుముకి తువ్వాలు చుట్టి వంటింట్లో అడుగుపెట్టాడు. మధ్యాహ్నం భోజనానికి అత్తగారు వస్తున్నారు. లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఒకరిని మెచ్చుకోవడం ఆవిడ సిలబస్‌లోనే లేదు. ఈమధ్యే డాక్టరు ఆవిడ చేత నూనె తగ్గించి, మాంసం మాన్పించాడు. భార్యకేమో ఆసుపత్రిలో నర్సు డ్యూటీ. "కూరగాయల ఫ్రైడ్ రైస్ నేను చేస్తాగా!" అని అతనే ముందుకొచ్చాడు. "మీ ఆయనకి స్టీరింగు తప్ప ఇంకేం తిప్పడం వచ్చే?" అని పెళ్ళయిన కొత్తలో అత్తగారు కూతురిని అడగడం అతని చెవిన పడింది మరి.

"రెండు గ్లాసుల బియ్యం చాలండీ. నూనె రెండు చెంచాలే!" అని చెప్పులేసుకుంటూ చెప్పి వెళ్ళిపోయింది భార్య.

గ్లాసంటే అతనికి తెలిసింది ఒక్కటే, తను నీళ్ళు తాగేది. అది చిన్న సైజు చెంబు. దాంతో రెండుసార్లు నిండుగా కొలిచి పొయ్యెక్కించాడు.

కాసేపటికి మూత లేచింది. దాని కిందనుంచి అన్నం నింపాదిగా, ఎవరినీ అడక్కుండా, పైకి వస్తోంది. ఇంకో గిన్నెలోకి తీస్తే అదీ నిండింది. ఆ పక్కదీ నిండింది. "అమ్మ బాబోయ్!" అని గోడకి ఆనుకున్నాడు. కళ్ళు మాత్రం తిప్పుకోలేకపోయాడు. అంత చిన్న గింజల్లో ఇంత అన్నం ఎక్కడ దాక్కుందో! ముద్దయిపోతుందేమోనని బల్ల మీద ఉతికిన దుప్పటి పరిచి, అన్నమంతా ఆరబోసి ఫ్యాను వేశాడు. తెల్లటి కొండలా ఉందది.

కలపడానికి తగ్గ గిన్నె ఇంట్లో లేదు. పై వాటాలోని సంగీతం టీచరమ్మ తలుపు తట్టాడు.

"ఇంత పెద్ద గిన్నె ఎందుకు బాబూ? ఎవరొస్తున్నారు?"

"మా అత్తగారండీ."

"ఆవిడ ఒక్కరికేనా?"

పరువు అడ్డొచ్చి, పొంగిన అన్నం సంగతి చెప్పకుండా గిన్నె కోసం చేతులు చాచాడు.

"తెలిసిపోయిందిలే! పుట్టినరోజు కదూ? చెప్పకుండా కానిచ్చేద్దామనే!" అందావిడ. కాదనేలోపే తారస్థాయిలో వీధి వీధంతా చాటేసింది.

ఇక చూస్కో. ఒకరు క్యారెట్లు తరిగి తెచ్చారు, ఒకరు బీన్స్, మరొకరు ఉల్లికాడలు. అతను గరిటె తిప్పుతుంటే తెల్లటి మెతుకుల మధ్య ఎరుపూ ఆకుపచ్చా మెరిశాయి. మిరియాల ఘాటు గుమ్మం దాటింది. ఇన్ని రంగులు తన చేతి కిందే పుట్టాయంటే అతనికే నమ్మబుద్ధి కాలేదు.

అత్తగారు తలుపు తోసేసరికి హాలు నిండా జనం. పూలగుత్తి చేతిలో పెట్టారు.

"ఎవరి పుట్టినరోజు?"

"మీదేనమ్మా!"

డ్రైవరు గిన్నె వెనక్కి నక్కాడు. ఆవిడ పుట్టినరోజు వెళ్ళి ఆర్నెల్లయింది.

"నా పుట్టినరోజు..." అని గొంతు సవరించుకున్నారు అత్తగారు. పూలను చూశారు, జనాన్ని చూశారు, ఆవిర్లు కక్కుతున్న గిన్నెను చూశారు. "...మీకందరికీ ఎవరు చెప్పారర్రా?"

అందరూ తినడం మొదలెట్టారు. అత్తగారు రెండోసారి పెట్టించుకున్నారు.

"అల్లుడూ, మెతుకుకి మెతుకు అంటుకోలేదు! ఎలాగయ్యా?"

"ఆరబెట్టానత్తయ్యా."

ఆవిడ అతన్ని దగ్గరికి పిలిచి గొంతు తగ్గించారు. "డెబ్భై ఏళ్ళొచ్చాయి. నా పుట్టినరోజని ఇంతమంది ఎప్పుడూ రాలేదు. తేదీ సంగతి ఎవరితోనూ అనకు."

ఆవిడ కళ్ళు చెమ్మగిల్లడం చూసి అతను నడుముకున్న తువ్వాలు తీసి ఇచ్చాడు. అన్నం పొంగినప్పుడు కూడా ఇంత ఆశ్చర్యపోలేదు.

"డాక్టరు తినమన్నది ఇలాంటిదే," అంటూ ఆవిడ చెయ్యి కడుక్కున్నారు. "సాయంత్రం బండికే వెళ్దామనుకున్నా. ఎందుకూ, ఇక్కడే ఉంటా. వంట నువ్వే చెయ్యాలి సుమా!"

సాయంత్రం భార్య వచ్చి చూసేసరికి గిన్నెలో ఒక్క మెతుకు మిగల్లేదు. అత్తగారు మాత్రం మిగిలిపోయారు.