రెండు నిమిషాల లోపు

అడిగిన ప్రతి ఒక్కరికీ రెండు నిమిషాల లోపు జవాబిస్తున్నందున, హనుమకొండకు చెందిన ఎలిగేటి స్వరూప మనిషి కాదని, తనంతట తానే మాట్లాడే బాట్ అని ‘ముచ్చట’ యాప్ మంగళవారం ఉదయం నిర్ధారించింది. నోటీసు మర్యాదగానే ఉంది. నాలుగేళ్లలో వచ్చిన మెసేజ్‌లు పదకొండు వేల పైచిలుకు. జవాబు లేనిది ఒక్కటీ లేదు. తిట్టు ఒక్కటీ లేదు. మనుషుల దగ్గర ఇలాంటి రికార్డు ఇంతవరకు కనబడలేదు కాబట్టి ఖాతాకు తాళం వేశామని, గురువారం సాయంత్రం ఐదింటికల్లా మనిషినని నిరూపించుకోకపోతే ఖాతానే తీసేస్తామని రాశారు.

రక్తం కావాల్సినవాళ్లకు దాతలను కుదిర్చే ఆ ఖాతాలో రక్తం ఇచ్చేవాళ్లు ఎనిమిది వందల అరవై మంది ఉన్నారు. వాళ్లు ఫోన్ నంబర్లు ఇవ్వరు, ముచ్చటలోనే మాట్లాడతారు. వాళ్లలో ఓ నెగటివ్ గ్రూపు వాళ్లు ఇద్దరే. తలసేమియా ఉన్న ఏడేళ్ల రిషికకు శుక్రవారం ఆ రక్తమే ఎక్కించాలి. స్వరూప నోటీసును ప్రింటు తీయించి, మడిచి సంచిలో పెట్టుకుని, చౌరస్తాలో జిరాక్స్ షాపు మీదున్న మనిషి ధ్రువీకరణ కేంద్రానికి బయలుదేరింది.

అక్కడి అధికారి గంగాధర్ రెండేళ్ల కిందటి దాకా బాటే. టీకి అని వెళ్లి మూడు గంటల దాకా రాకపోవడం, వచ్చాక ఎదుటివాళ్ల మీదే అరవడం చూసి పైవాళ్లు ఆయనకు మొదటి ప్రయత్నంలోనే మనిషి సర్టిఫికెట్ ఇచ్చారు.

“యాప్‌ల ఎవలితోనన్న లొల్లి పెట్టుకున్నవా?” అని అడిగాడు.

“లేదు సార్.”

“వస్తనని చెప్పి ఎగ్గొట్టినవా?”

“రక్తం ముచ్చట సార్. ఎట్ల ఎగ్గొడత?”

“పోనీ, చదివి సప్పుడు చెయ్యకుండ ఊకున్నవా? ఒక్కసారన్న?”

“లేదు.”

గంగాధర్ పెన్ను కింద పెట్టాడు. “గింత మంచిగుంటె మనిషని ఎట్ల రాయాలె తల్లీ? నాకు పైనుంచి మాటొస్తది.”

నిబంధన ప్రకారం, ఆమె వల్ల బాధపడిన ఇద్దరు సాక్షులు కావాలి. స్వరూప బుధవారమంతా వీధి వీధీ తిరిగింది, దొరకలేదు. చివరికి పక్కింటి యాదమ్మ జాలిపడి, “నన్ను బూతులు తిట్టిందని సంతకం పెడ్త, తియ్” అని వెంట వచ్చింది. కౌంటర్ దగ్గరికి రాగానే, “డెంగ్యూ వచ్చినప్పుడు పదిరోజులు అన్నం ఈమెనే తెచ్చింది సారూ” అని నిజం చెప్పేసింది. ఆ వాంగ్మూలాన్ని బాట్ అనడానికి రుజువుల కింద ఫైల్లో చేర్చారు.

స్వరూప వెనక్కి తగ్గలేదు. ఆ సాయంత్రం అద్దం ముందు నిలబడి “చూద్దాం తియ్” అనడం నలభై సార్లు సాధన చేసింది. గురువారం మధ్యాహ్నం చివరి పరీక్షకు కూర్చుంది. ఖాతా తాళం తీస్తారు. వచ్చిన మొదటి మెసేజ్ చదివి, గంటసేపు జవాబివ్వకుండా ఉంటే ఆమె మనిషి.

మూడు గంటల పది నిమిషాలకు మెసేజ్ వచ్చింది. రిషిక తల్లి సారక్క పంపింది.

“అక్కా, రేపు బిడ్డకు ఎక్కియ్యాలె. రక్తం దొరుకుతదా? డాక్టరు ఈరోజే చెప్పుమన్నడు.”

స్వరూప రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని గడియారం చూసింది. ఒక నిమిషం. ఇంకో మెసేజ్. “అక్కా? ఉన్నవా?”

“ఆగు తల్లీ, మంచిగనే చేస్తున్నవు” అన్నాడు గంగాధర్.

నిమిషం యాభై సెకన్లకు స్వరూప చేతులు బయటికి తీసి టైప్ చేసింది. “ఉన్న చెల్లె. మనిషిని పంపుత. రంది పడకు.”

“చెడగొట్టుకుంటివి గదనే” అన్నాడు గంగాధర్, ఖాతాకు మళ్లీ తాళం వేస్తూ.

“బాట్‌లకు ఖాతా ఇస్తరా సార్?”

“ఎందుకియ్యరు? బాట్‌నని రాసిస్తె ఇదే ఖాతా నిమిషంల ఇస్తరు. పక్క కౌంటర్.”

పక్క కౌంటర్ ముందు వరుస బారుగా, తిన్నగా ఉంది. ఇద్దరు ఆశా వర్కర్లు, అంబులెన్స్ డ్రైవర్ ఒకాయన, డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సు ఒకామె. ఒకరినొకరు తోసుకోవడం లేదు. స్వరూప నర్సు వెనక నిలబడి ఫారం నింపింది. నాలుగున్నరకు ముద్ర పడింది, ఖాతా తెరుచుకుంది. ఓ నెగటివ్ ఇద్దరిలో ఒకాయన, పొద్దున పదింటికి ఆసుపత్రిలో ఉంటానన్నాడు. ఆమె ఆ మాట సారక్కకు చేరవేసి, చేతిలోని ఫారం నకలు అప్పుడు నింపాదిగా చదువుకుంది. సెలవులు అన్నచోట ఒకటి, నిద్ర అన్నచోట ఒకటి, అడ్డగీతలు కొట్టి ఉన్నాయి.

“ఇదేందక్కా,” అని నర్సును అడిగింది, “అలసట దగ్గర ‘లేదు’ అని ముందుగాలనే అచ్చు కొట్టిన్రు?”

నర్సు తన కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది.

“మంచిదే గదా చెల్లె. మనకు రాసే పని తప్పింది.”