పెరిగిన సరస్సు

సరస్సు ఉత్పాదకతలో మన ఊరు చరిత్ర సృష్టించిందని మంత్రిగారు మైకు ముందు ప్రకటించగానే, రెండో వరసలో కూర్చున్న ప్రయోగశాల అధికారిణి సగం లేచి మళ్లీ కూర్చున్నారు. ఆ మాట ఆవిడ రిపోర్టులోదే. ఊరి మురుగూ పొలాల ఎరువూ దిగి నీళ్లలో పోషకాలు ఎక్కువయ్యాయనీ, కంటికి ఆనని పచ్చటి నాచు ప్లవకాలు వాటిని తిని తెగ బలుస్తున్నాయనీ, జీవ ఉత్పాదకత ఇలాగే పెరిగితే సరస్సు చచ్చిపోతుందనీ ఆవిడ రాశారు. మంత్రిగారికి తీరిక తక్కువ. 'పెరిగితే' దాకా చదివి, మిగతాది పేషీకి వదిలేశారు.

సభ ముగిశాక ఆవిడ ఆయన వెంటపడ్డారు.

"సార్, అది పెరగకూడదండీ."

"ఉత్పాదకతా?" మంత్రిగారు పీఏ వైపు తిరిగారు. "ఈ వయసులోనే ఇంత నిరాశేంటయ్యా ఈవిడకి?"

"ఆ పచ్చటి నాచంతా చచ్చి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ అయిపోతుంది సార్. చేపలకి ఊపిరాడదు."

"నీళ్లలో ఉండేవాటికి ఊపిరితో పనేంటమ్మా?"

పీఏ ఆ మాట భక్తిగా రాసుకున్నాడు.

తర్వాత పనులు చకచకా సాగాయి. పచ్చదనం పెంచే శాఖవాళ్లు వచ్చి సరస్సు విస్తీర్ణమంతా తమ లక్ష్యంలో కలిపేసుకున్నారు. మురుగు కాలువను వెడల్పు చేసి 'పోషక వాహిని' అని బోర్డు పెట్టారు. ప్రారంభోత్సవంలో మంత్రిగారు రుమాలు ముక్కు మీంచి తియ్యలేదు. ఆనందం పట్టలేక కంటతడి పెట్టారని మర్నాడు పేపర్లు రాశాయి.

ఎండలు ముదిరాక ఒక ఉదయం చేపలన్నీ పొట్టలు పైకి పెట్టి తేలాయి. అధికారిణి పరుగున ఒడ్డుకు వెళ్లేసరికి జాలరి పెద్దాయన వల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఇంక దీంతో పనేముందిలే తల్లీ," అన్నాడు.

అప్పుడే కారు దిగిన మంత్రిగారు ఆ మాట అందుకున్నారు.

"విన్నారా? వల అక్కర్లేదంటున్నాడు. చేపలే నడిచొచ్చాయి."

"చచ్చిపోయాయి సార్."

"ప్రతిదాన్నీ ఆ దృష్టితోనే చూడకూడదమ్మా."

ఆ మధ్యాహ్నమే ఆవిడ రాజీనామా చేద్దామని పేషీకి వెళ్లారు. మంత్రిగారు లేచి నిలబడి మరీ కుర్చీ చూపించారు. ఆవిడ నోరు విప్పేలోగా పీఏ ప్రమోషన్ ఆర్డరు చేతిలో పెట్టాడు.

"కాదనకండి," అన్నారు మంత్రిగారు. "మీ అనుభవం ఇంకెవరికుంది? ఊరికి మంచినీళ్లిచ్చే రిజర్వాయరు ఉత్పాదకతలో మరీ వెనకబడిపోయిందమ్మా. మొన్న చూసొచ్చాను. అంత లోతు నీళ్లలోనూ అడుగున గులకరాళ్లు కనపడుతున్నాయి."