అలమేలమ్మకు పట్టని ఫ్రేము

దేవరాజులు ఇంట్లో అబద్ధాలాడడు, ఆడిన ప్రతిసారీ దొరికిపోతాడు కనుక. అలాంటివాడు ఆ మంగళవారం ఏకంగా చనిపోయిన తల్లి పేరు పెట్టి ఒకటి ఆడేశాడు.

చూలైలోని ఆ ఇంట్లో ఖాళీగా ఉన్నది తల్లి అలమేలమ్మ గది ఒక్కటే. ఆమె పోయి ఏడాది కావస్తోంది. కంప్యూటర్ చెప్పిన కొలతకు చెక్క కోసే మిషన్ కొని, దేవరాజులు దాన్ని అందులో దించాడు. ఆ గదిలో కుట్టుమిషన్ పెట్టుకుందామనుకున్న భార్య చెంగమ్మ ఒక షరతు పెట్టింది. ఏడాది తిథిలోగా అత్త ఫోటోకు సరిగ్గా పట్టే ఫ్రేము కోసి చూపాలి, లేదంటే మిషన్ మేడమీది రేకుల షెడ్డుకు పోవాలి.

మొదటి ఫ్రేము అరంగుళం తక్కువొచ్చింది. కోసే బిట్టు మందం కంప్యూటర్లో తప్పుగా కొట్టింది ఆయనే. ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

"అమ్మకు ఫోటో అంటేనే పడదు గదా. ఫ్రేములో కూర్చునేది ఇష్టం లేనట్టుండాది," అన్నాడు.

చెంగమ్మ వాదించలేదు. కళ్లొత్తుకుని ఫోటోకు దండం పెట్టింది. పాతికేళ్ల కాపురంలో దేవరాజులు మాట అంత సులువుగా నెగ్గడం అదే మొదలు. ఆయనకు అప్పుడే అనుమానం రావలసింది.

మర్నాడు తప్పు దిద్దుకుని మళ్లీ కోశాడు. మళ్లీ తక్కువే. అరచేతంత చెక్క కోసి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. అమ్మ ఫ్రేము ఎక్కిస్తే మాత్రం మిషన్ సగం దూరం పోయి, ఎప్పుడూ ఒకే చోట, సన్నగా మూలిగేది. బెల్టులు బిగించాడు, మరలు బిగించాడు, అంకెలన్నీ మళ్లీ కొట్టాడు. పొద్దున్నే తలుపు తీస్తే గదంతా గంధం వాసన. అలమేలమ్మ పోయేదాకా రోజూ గంధం అరగదీసి పెట్టుకునేది.

గురువారం ఫ్రేము రెండు వేళ్ల మందం తక్కువొచ్చింది. గోడకు ఆనించిన ఫోటోలో తల్లి పెదవులు నిన్నటికంటే బిగుసుకున్నట్టు తోచింది. తాను కల్పించిన మాట నిజమైపోతోందని దేవరాజులుకు భయం పట్టుకుంది. పట్టపగలు ఆ గదిలోకి పోవడానికి భార్యను తోడు పిలిచాడు.

ఆమె గుమ్మం దాటలేదు. "అత్త ఈడే ఉండాది. మీరే గదా చెప్తిరి," అంది మెల్లగా.

శుక్రవారం ఉదయం ఆయనే మిషన్ విప్పి మేడమీదికి మోశాడు. ఎండలో తిరగేస్తే, బిట్టును ముందుకూ వెనక్కూ నడిపే మరల కడ్డీ చివరి సగమంతా గంధం గట్టిగా ఎండిపోయి ఉంది. చిన్న చెక్కకు బిట్టు అంతదూరం పోనక్కర్లేదు. పెద్ద ఫ్రేముకు పోయి, ఆ గంధంలో ఇరుక్కునేది.

గబగబా దిగి వచ్చాడు. గదిలో కుట్టుమిషన్ అప్పటికే అమరిపోయింది. బజారులో కొన్న ఫ్రేములో అలమేలమ్మ ఏ పేచీ లేకుండా కూర్చుని ఉంది. చెంగమ్మ స్టూలెక్కి ఫోటోకు బొట్టు పెడుతోంది. బొట్టుకు చిటికెడు గంధం చాలు, ఆమెకు మాత్రం మోచేతి దాకా ఆరిన గంధమే.

"ఏంది, ఏమన్నా చెప్పాల్నా?" అని వెనక్కి తిరక్కుండానే అడిగింది.

చెప్పాలంటే, అమ్మ అసలు ఏమీ అనలేదన్న సంగతి ముందు చెప్పాలి. దేవరాజులు ఫోటో వంక చూశాడు. పెదవులు ఇప్పుడు నవ్వుతున్నట్టున్నాయి.

"దారాల డబ్బా యాడ పెట్టేది?" అన్నాడు.