కిటికీ అందని సెక్రటరీ

ఉదయం ఆరు కాకముందే అపార్ట్‌మెంటు సెక్రటరీ కింది అంతస్తులోని కమ్యూనిటీ హాల్లోకి దూరాడు. పథకం చిన్నది. ఆడపిల్లల దగ్గర ముందురోజు లాక్కున్న స్కిప్పింగ్ తాళ్లతోనే ముందు తలుపు హ్యాండిళ్లను లోపలినుంచి బిగించి కట్టాలి, వెనక తలుపు గుండా జారుకోవాలి. పిల్లలకు రేపే స్కిప్పింగ్ పోటీ. ఇవాళ సాధన ఆగితే రేపు జట్టు ఉండదు. జట్టు లేకపోతే గెంతుల గోలే ఉండదు.

ముడి మీద ముడి వేశాడు. చేతులు దులుపుకుని వెనక తలుపు తోశాడు. కదల్లేదు. పిల్లలు అటునుంచి రాకుండా దానికి బయట తాళం వేయించింది నిన్న తనే. ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉంది.

తలుపు దబదబా బాదాడు. వాచ్‌మన్‌కు వినపడింది. హాల్లో చప్పుడైతే లైట్లు ఆర్పమని సెక్రటరీగారి ఉత్తర్వు. బయటి స్విచ్ నొక్కి ఆర్పేశాడు.

చీకటి. ముడులు విప్పబోతే కొస చేతికి దొరకలేదు. ఎత్తున ఒకే ఒక్క ఊచల్లేని కిటికీ. సెక్రటరీ దానికోసం గెంతాడు. అందలేదు. మళ్లీ గెంతాడు. పై అంతస్తులో గిన్నెలు గల్లుమన్నాయి.

ఇంతలో పిల్లలొచ్చారు. తలుపు రాకపోయేసరికి అందరూ కలిసి లాగారు.

"లాగకండే! ముడి బిగుస్తోంది!"

ఆ గొంతును జట్టు నాయకురాలు, అందరూ 'పిడుగు' అని పిలిచే పిల్ల, గుర్తుపట్టింది. సెక్రటరీ ఆమెకు స్వయానా బాబాయి.

"బాబాయ్! మా తాళ్లతో మమ్మల్నే ఆపుదామనుకున్నావా?"

"తర్వాత తిడుదువుగాని, వాచ్‌మన్ చేత వెనక తాళం తీయించు తల్లీ!"

వాచ్‌మన్ తల అడ్డంగా ఊపాడు. "సెక్రటరీగారు ఎదురుగా నిలబడి చెప్తేగానీ తియ్యొద్దన్నారమ్మా."

"విన్నావుగా బాబాయ్? ఇక కిటికీలోంచి నేను దూకాల్సిందే. హాలు రోజూ మాదేనంటే దూకుతా."

"ఆడపిల్లలకి ఈ గెంతులెందుకే?"

"మరి ఇందాకట్నుంచి లోపల గెంతిందెవరు?"

"కిటికీ అందక గెంతానే!"

"మేమూ అందుకే గెంతుతున్నాం."

లోపల ఇంకోసారి ధబ్బుమని గెంతిన చప్పుడైంది.

"సరే... హాలు మీదే."

"గట్టిగా! పైవాళ్లకి వినపడాలి."

"మీదే! మీదే!"

పిడుగు నాలుగడుగులు వెనక్కి వేసి, పరుగెత్తి ఎగిరింది. ఒక్క గెంతుకే కిటికీ అంచు చేతికి చిక్కింది. లోపలికి దూకి, చేతికి అలవాటైన తాళ్లే కనక చీకట్లోనే ముడులు విప్పింది. మరుక్షణం అవే తాళ్లు హాలంతా గిర్రున తిరిగాయి.

సెక్రటరీ ఇంటికెళ్లి ఫోను చూసుకున్నాడు. పై అంతస్తు ఆవిడ ఫిర్యాదు వచ్చి ఉంది: "పొద్దున్నే హాల్లో ఎవరో ఏనుగులా గెంతుతున్నారు. వెంటనే చర్య తీసుకోండి."

ఆ గెంతింది ఎవరన్న దానిపై సెక్రటరీగారి విచారణ ఇంకా సాగుతోంది.