ముగ్గురు క్యాచర్ల జట్టు

తన కోసం తాను దేవుణ్ణి అడగడం భక్తి కిందకు వస్తుందా, పైరవీ కిందకు వస్తుందా అన్న సందేహం వర్లిన్ స్టోల్ట్‌జ్‌ను ఏళ్లుగా వదల్లేదు. ఆ వేసవిలో మాత్రం సందేహాన్ని పక్కన పెట్టి అడిగేశాడు.

అయోవాలో వాళ్ల ఊరి చర్చి బేస్‌బాల్ జట్టుకు నూరేళ్లు నిండాయి. ఆ నూరేళ్లలో మేటి తొమ్మిదిమందిని ఎంచే పని పాస్టరుగారు వర్లిన్‌కు అప్పగించారు. అందులో తన పేరూ ఉండాలని వర్లిన్ ప్రార్థన. పెద్ద చోటేమీ కాదు, రైట్ ఫీల్డ్. బంతి చుట్టపుచూపుగానైనా రాని మూల. ఆడినన్నాళ్లూ అక్కడే నిలబడి గడ్డి పెరగడం చూశాడు.

తన పేరు తానే రాసుకుంటే బాగుండదు. అందుకని మూడు పాత కుటుంబాల దగ్గరకు విడివిడిగా వెళ్లి, "మీరు పాస్టరుగారికి నా పేరు చెప్పండి, నేను మీ తాతగారిని క్యాచర్‌ని చేస్తాను" అని మాటిచ్చాడు. బ్యాటు పట్టినవాడి వెనక గొంతుకూర్చుని బంతి పట్టే క్యాచర్ జట్టుకు ఒక్కడే; ఆ ఊళ్లో పాస్టరు తరవాత అంతటివాడు.

శనివారం పొద్దున వరండాలో మూడు ఆపిల్ కేకులు వెలిశాయి. భార్య ఆర్డిస్ వాటిని లోపలికి తెచ్చింది.

"లబ్బర్స్ వాళ్లు, ట్యాడెన్ వాళ్లు, మోవ్ వాళ్లు. ముగ్గురూ తాత క్యాచరైనందుకే పంపారట. ముగ్గుర్నీ ఎలా కూర్చోబెడతావు? ఒకళ్ల ఒళ్లో ఒకళ్లనా?"

"మెల్లిగా, ఆర్డీ! ఆ తాతలు ఎప్పుడో పోయారు కదా, పట్టించుకోరనుకున్నా."

"పోయినవాళ్లు పట్టించుకోరు. కేకులు చేసినవాళ్లు పట్టించుకుంటారు. రేపు ఆరాధన అయ్యాక అందరూ ఒకే బల్ల దగ్గర కాఫీ తాగుతారు."

వర్లిన్ ముఖం పాలిపోయింది. "ఏదో ఒకటి చెయ్యవే."

"చేసేశా. ముగ్గురికీ ఫోన్ చేసి నీ నిర్వాకం చెప్పా. పడీ పడీ నవ్వారు. లబ్బర్స్ తాత క్యాచర్. ట్యాడెన్ తాత ఫస్ట్ బేస్‌లోనూ ఆడాడు, అక్కడే పెట్టు. మోవ్ తాతను మోకాళ్లు అరిగాక ఎక్కడ నిలబెట్టారు?"

వర్లిన్ గొణిగాడు. "రైట్ ఫీల్డులో."

"అయితే అక్కడే."

"మరి నేను?"

"నా పక్కన. ఒక్క ఆటైనా నీ పక్కన కూర్చుని చూస్తానని పెళ్లినాడు అన్నావు. మన పిల్లలకే పిల్లలు పుట్టారు. ఆడినన్నాళ్లూ మైదానంలో ఉన్నావు. మానేశాక కంచె పట్టుకుని అంపైరుతో పోట్లాడుతున్నావు."

ఆదివారం మధ్యాహ్నం నూరేళ్ల సంబరాల ఆట. పాస్టరుగారు తొమ్మిది పేర్లూ చదివారు. మూడు కుటుంబాలూ చప్పట్లు కొట్టాయి. వర్లిన్ భార్య పక్కన బుద్ధిగా కూర్చుని కేకు ముక్క నములుతున్నాడు.

తొమ్మిది ఇన్నింగ్స్‌లో మొదటిదాంట్లోనే బంతి తిన్నగా రైట్ ఫీల్డుకు వెళ్లింది. అక్కడున్న ఇప్పటి జట్టు కుర్రాడు జారవిడిచాడు. వర్లిన్ ఎగిరి లేచాడు.

ఆర్డిస్ అతని భుజాల మీది ప్యాంటు పట్టీలు వెనక నుంచి పట్టి లాగింది.

"కూర్చో. ఇంకా ఎనిమిది ఇన్నింగ్స్ బాకీ."

ఆఖరి ఔట్ దాకా ఆ పట్టీలు ఆమె చేతిలోనే ఉన్నాయి.