మూడో లైను కందిపప్పు టెండరు

కందిపప్పు కొనుక్కోవడం ఎవరింటి వ్యవహారం వారిది కాదనీ, అది నలభై రెండు కుటుంబాల ఉమ్మడి వ్యయం కిందికి వస్తుందనీ, కనుక దానికి టెండర్లు పిలవక తప్పదనీ 1999 మే రెండో తేదీ ఆదివారం ఉదయం పదిన్నరకు గుణదల మూడో లైనులో అధికారికంగా తేలింది. తేల్చినవారు రామకోటేశ్వరరావు గారు. బలపరిచినవారు రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరైన అబ్రహాము గారు. వ్యతిరేకించినవారు లేరు (మిగతా నలభై ఇళ్ళవారూ ఆ సమయానికి మాంసం కొట్టు దగ్గర ఉన్నారు).

రామకోటేశ్వరరావు గారు కాలవల శాఖలో టెండర్ల సెక్షను సూపరింటెండెంటుగా పనిచేసి దిగిపోయిన మనిషి. గట్ల మరమ్మతుకు ఎవరు తక్కువ రేటు వేస్తే వారికే పని ఇచ్చేవారు. తక్కువకు కట్టిన గట్టు వానలు పడగానే తెగేది. తెగిన గట్టుకు మళ్ళీ టెండరు పిలిచి, మళ్ళీ తక్కువ వేసినవాడికే ఇచ్చేవారు. పొలాలు మునిగాయి గానీ ఆయన ఫైలు మీద ఒక్క ఆడిట్ అభ్యంతరం రాలేదు. ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగలేదు. అంత నిజాయితీ వల్ల జరిగిన నష్టాన్ని ఏ అవినీతిపరుడూ చేయలేకపోయాడని ఆయనతో పనిచేసిన ఇంజినీర్లు చెప్పుకునేవారు.

ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారు పెద్దలు. ఆయనకు జుట్టు ఒత్తుగా ఉండేది.

మూడో లైను మొదట్లో లాజరు గారి లూర్దుమాత కిరాణా కొట్టు ఉంది. లాజరు తూకం వేస్తాడు, భార్య అమలమ్మ పొట్లం కడుతుంది. ఆ కొట్లో పప్పులూ సబ్బులూ చింతపండూ డబ్బులకు ఇస్తారు, మిగతావన్నీ ఊరికే. ఊరెళ్ళేవారి తాళంచెవులు అక్కడే ఉంటాయి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వచ్చిన గ్యాస్ బండ అక్కడే దిగుతుంది. ఉప్మాకని పట్టుకెళ్ళిన రవ్వ, పురుగుందంటూ అరగంటలో వెనక్కి వస్తుంది, లాజరు మారుమాట లేకుండా మార్చి ఇస్తాడు. అన్నిటికీ మించి ఫోను. లైనులో సగం ఇళ్ళకు ఫోను లేదు. వాళ్ళంతా శుభలేఖల మీదా దరఖాస్తుల మీదా లాజరు నంబరు వేసి, పక్కన పి.పి. అని రాసుకునేవారు. (అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. ఫోను వస్తే లాజరు చెప్పులేసుకుని వచ్చి పిలుస్తాడు, అంతే.)

రామకోటేశ్వరరావు గారి ఇంట్లోనూ ఫోను లేదు. ఆయన కూతురు సత్యశ్రీ బి.ఎడ్. ప్యాసై రెండేళ్ళయింది. ఏప్రిల్లో మైలవరంలో ఒక కాన్వెంటు స్కూలుకు లెక్కల టీచరు ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వెళ్ళి వచ్చింది. "లిస్టులో నీ పేరే మొదటుందమ్మా. పైనుంచి ఉత్తర్వు రాగానే ఫోను చేస్తాం, రెండు రోజుల్లో వచ్చి చేరిపోవాలి," అని అక్కడి పెద్ద సిస్టర్ చెప్పి పంపింది. సత్యశ్రీ లాజరు నంబరు రాసిచ్చింది. ఆ రోజునుంచి కొట్లో ఫోను మోగితే చాలు, లాజరు తక్కెడ వదిలేసి "మైలవరమాండీ?" అని ఎత్తేవాడు. కాదంటే ఆయన మొహం చిన్నబోయేది.

టెండరు ప్రకటన కొళాయి పక్క గోడకు అంటించారు. ధరావతు యాభై ఒక్క రూపాయలు. నమూనా కిలో, లక్కముద్ర వేసిన సంచిలో. గడువుకు రెండే సంచులు వచ్చాయి. ఒకటి లాజరుది. రెండోది ఏలూరు రోడ్డులో కొత్తగా తెరిచిన ఆదా మార్టుది. ఆ మార్టులో ఏసీ ఉంది, కంప్యూటరు ఉంది, తోసుకుని తిరిగే బండి ఉంది. సాంకేతిక పరీక్షలో భాగంగా రామకోటేశ్వరరావు గారి భార్య రామతులసి గారు రెండు పప్పులనూ విడివిడిగా ఉడకబెట్టారు. లైను సంఘంవారి ఉపసంఘం సభ్యులిద్దరూ (అంటే రావుగారూ, అబ్రహాము గారూ) నెయ్యి వేసుకుని తిన్నారు. రెండూ అర్హమైనవేనని తేల్చి, నిర్ధారణ కోసం ఇంకోసారి తిన్నారు.

తరవాత ధరల కవర్లు విప్పారు. లాజరు ముప్పై రెండు వేశాడు. మార్టు ముప్పైన్నర వేసింది. రామకోటేశ్వరరావు గారు పద్నాలుగు గడుల పట్టిక గీసి, సహజ న్యాయం ప్రకారం లాజరును సంజాయిషీకి పిలిచారు. అమలమ్మ కూడా వచ్చింది.

"లాజరు గారూ, కిలోకి రూపాయిన్నర ఎక్కువ వేశారు. కారణం చెప్పాలి."

"నేను తెచ్చేది ఒక్క బస్తా అండీ రావుగారూ. వాళ్ళు లారీ దించుతారు. ఎక్కడ కుదురుద్దండీ?"

"అది మీ ఇబ్బంది. ఆ రూపాయిన్నరకి మాకేం వస్తుంది?"

లాజరు బుర్ర గోక్కున్నాడు. అమలమ్మ అందుకుంది. "అదేంటన్నయ్యగారూ! మొన్న వదినగారికి ఆయాసం వస్తే కొట్టు మూసి రిక్షా తెచ్చింది ఈయనే గదా? దానికి పప్పులో ఎంత కలుపుకోవాలో మాకేం తెలుసండీ?"

రామకోటేశ్వరరావు గారు పద్నాలుగు గడులూ వెతికారు. ధర, తూకం, తేమ, రాళ్ళ శాతం అన్నీ ఉన్నాయి. రిక్షాకు గడి లేదు. చివరి గడిలో "సేవ: వర్తించదు" అని రాశారు. రాస్తున్నప్పుడు ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ రోజు రిక్షాలో భార్య తల ఒళ్ళో పెట్టుకుని తను ఏడ్చిన సంగతి గుర్తొచ్చింది. కానీ కలానికి జాలి నేర్పితే ప్రభుత్వాలు నడవవు. సంతకం పెట్టి తేదీ వేశారు.

అప్పటినుంచి మూడో లైను మార్టు పప్పు తినడం మొదలుపెట్టింది. కిలోకి రూపాయిన్నర ఆదా. బస్సుకు రానూపోనూ నాలుగు రూపాయలు (ప్రయాణ ఖర్చు వేరే పద్దు కనుక సంఘం దాన్ని పరిశీలనకు తీసుకోలేదు). తాళంచెవులు మాత్రం లాజరు దగ్గరే ఉన్నాయి. మార్టు సంచులు పట్టుకుని బస్సు దిగినవాళ్ళు ఎండకు తాళలేక ఆయన బల్ల మీదే కూర్చుని, ఆయన కుండలో నీళ్ళే తాగి, మార్టులో ఎంత చవకో ఆయనకే వివరించేవారు. లాజరు "అవునాండీ" అనేవాడు.

ఇక్కడే రామకోటేశ్వరరావు గారు లోకం కన్నా ఒక మెట్టు పైన నిలిచారు. ఒకరి దగ్గర సరుకు కొని ఇంకొకరి దగ్గర సేవ పొందడం ఆయన దృష్టిలో దొంగతనంతో సమానం. అందుకే మార్టు ఒప్పందంలో పదిహేడో షరతు చేర్చారు: 'మూడో లైను వాసుల సౌకర్యార్థం టెలిఫోను ఏర్పాటు చేయవలెను.' మార్టు మేనేజరు సూర్యప్రకాష్ దాన్ని చదవకుండానే సంతకం పెట్టాడు. రావుగారు మైలవరం స్కూలుకు రిజిస్టర్డ్ ఉత్తరం రాశారు. పాత నంబరు రద్దయినదనీ, ఇకపై అభ్యర్థిని సత్యశ్రీకి సంబంధించిన ఫోన్లు ఆదా మార్టుకు చేయవలసిందనీ.

"నాన్నా, పప్పు ఎక్కడైనా కొను. ఫోను మాత్రం లాజరు బాబాయి దగ్గరే ఉంచు," అంది సత్యశ్రీ. 

"ఎవరి పప్పు తింటున్నామో వారి ఫోనే వాడాలమ్మా. అది పద్ధతి."

సంగతి తెలిసి లాజరు ఇంటికే వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. "రావుగారూ, పప్పుదేముందండీ. నా నంబరే ఉండనివ్వండి. పిల్ల ఉద్యోగం."

"మీరు మా సరఫరాదారు కారు లాజరు గారూ. మీ దగ్గర ఉచితంగా తీసుకుంటే నేను తప్పు చేసినట్టు."

లాజరు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆదా మార్టులో ఫోను దగ్గర జెస్సికా అనే అమ్మాయి కూర్చునేది. ఫోనుకు మార్టులో కచ్చితమైన రూలు ఉంది. ఎవరు ఏ పేరు అడిగినా కంప్యూటరులో కొట్టి చూడాలి. ఉంటే ధర చెప్పాలి. లేకపోతే "ప్రస్తుతం లేదండీ, పదిహేను రోజుల్లో వస్తుంది," అనాలి. సీటు వదిలి లేవకూడదు. సొంతంగా ఏమీ అనకూడదు.

మే ఇరవై ఎనిమిదిన మైలవరం నుంచి మొదటి ఫోను వచ్చింది. "సత్యశ్రీ ఉందామ్మా?" అడిగింది సిస్టర్. అది మనిషి పేరని జెస్సికాకు తెలుసు. రూలు కూడా తెలుసు. కంప్యూటరులో కొట్టింది. సత్తు, సబీనా, సగ్గుబియ్యం కనిపించాయి. "ప్రస్తుతం లేదండీ. పదిహేను రోజుల్లో వస్తుంది," అంది ఎంతో నెమ్మదిగా. నాలుగు రోజుల తరవాత రెండో ఫోను. జవాబు అదే. జూన్ ఏడున మూడో ఫోను వచ్చినప్పుడు కూడా జెస్సికా ఒక్క ముక్క విసుక్కోలేదు. సిస్టర్ ముచ్చటపడింది. "ఎంత ఓపికగా మాట్లాడుతున్నావు తల్లీ! ఏం చదువుకున్నావు?" అని అడిగింది. దీనికి కంప్యూటరు చూడనక్కర్లేదు కనుక జెస్సికా వెంటనే చెప్పింది.

"బి.ఎస్సీ. లెక్కలు, బి.ఎడ్. సిస్టర్."

ఈలోగా రామకోటేశ్వరరావు గారు రోజూ మార్టుకు వెళ్ళి తమకేమైనా ఫోను వచ్చిందా అని అడుగుతూనే ఉన్నారు. అలాంటి విషయాలు ఖాతాదారుల సహాయ కేంద్రంలో అడగాలని సూర్యప్రకాష్ మర్యాదగా చెప్పాడు. ఆ కేంద్రాన్ని దసరాకు ప్రారంభిస్తారని కూడా చెప్పాడు.

జూన్ పద్నాలుగున బళ్ళు తెరిచారు. ఇక ఉండబట్టలేక తండ్రీ కూతుళ్ళు మైలవరం బస్సెక్కారు. స్కూలు వరండాలో ఉండగానే ఎనిమిదో తరగతి గదిలో కొత్త టీచరు లెక్క చెబుతున్న గొంతు వినిపించింది. ఆ గొంతు రామకోటేశ్వరరావు గారికి ఎక్కడో విన్నట్టనిపించింది.

"మూడుసార్లు చేశామండీ," అంది సిస్టర్ బాధగా. "మూడుసార్లూ లేదన్నారు. పిల్లలు కూర్చుని ఉన్నారు, నేనెన్నాళ్ళు ఆగను? మొదట ఇచ్చిన నంబరుకు చేద్దామనుకున్నాను. అది రద్దయిందని మీరే ఉత్తరం రాశారు గదండీ."

 తిరుగు బస్సులో సత్యశ్రీ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేదని ఆయనకు అనిపించింది. తన కూతురి నోటి దగ్గర కూడు తన చేత్తోనే, అదీ రిజిస్టర్డ్ పోస్టులో, తీసేశానన్నది ఆయనకు నూజివీడు రోడ్డు దాటేసరికి పూర్తిగా అర్థమైంది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాల మీద దుమ్మేమీ లేదు.

బస్సు దిగగానే లాజరు కొట్లోంచి ఎదురొచ్చాడు. "మైలవరం నుంచేనాండీ? ఏమన్నారు?" మూడు ఫోన్ల సంగతి రావుగారు తల వంచుకుని చెప్పారు. అమలమ్మ పిల్ల మొహం చూసి, బల్ల దిగి వచ్చి గుండెకు హత్తుకుంది. అప్పుడు ఏడ్చింది సత్యశ్రీ.

"నిద్దట్లో మోగినా ఎత్తేవాణ్ణి గదండీ," అన్నాడు లాజరు. ఆ మాటలో కాస్త నిష్ఠూరం ఉన్నా రావుగారి ప్రాణం కుదుటపడేది. లేదు.

రామకోటేశ్వరరావు గారు పదిహేడో షరతు ఉల్లంఘన కింద మార్టుకు మూడు పేజీల ఫిర్యాదు పంపారు. వారంలో జవాబు వచ్చింది. షరతు ప్రకారం టెలిఫోను ఏర్పాటు చేయడమైనది. పిలిచి చెప్పవలెనని అందులో ఎక్కడా లేదు. షరతు రాసింది ఆయనే కనుక లోపం ఎక్కడుందో ఆయనకు చటుక్కున అందింది. పాత అలవాటు కొద్దీ, ఆ జవాబు రాసిన గుమాస్తాను ఒక్క క్షణం మెచ్చుకున్నారు.

జెస్సికా మానేసిన సీటు ఖాళీగా ఉంది. మూడో లైను టెండరు విధానం మార్టు యాజమాన్యానికి ఎంతగానో నచ్చడంతో, ఆ ఉద్యోగానికి ఎంత జీతం కావాలో రాసి మూసిన కవరులో పెట్టమని ప్రకటన వేశారు. సత్యశ్రీతో కలిపి ముగ్గురు అమ్మాయిలు ముందుకొచ్చారు. మిగతా ఇద్దరూ తొమ్మిది వందలు వేస్తున్నారని అబ్రహాము గారు వాకబు చేసుకొచ్చారు.

"ఎంత రాయను నాన్నా?" అని అడిగింది సత్యశ్రీ, కాగితం ముందు పెట్టుకుని. గుమ్మంలో నిలబడ్డ రామతులసి గారు భర్త వంకే చూస్తున్నారు.

 ఆయన కూతురి మొహం చూడకుండా, "ఏడు వందల యాభై," అన్నారు.

జీవితంలో ఆయన టెండర్లు విప్పడమే గానీ వేయడం అదే మొదటిసారి. మొదటిసారే గెలిచారు.