అక్క కిటికీ, తమ్ముడి కిటికీ

ఆదివారం ఉదయం ఏడింటికి, తాగిన కాఫీ గ్లాసు కింద పెడుతూ భర్త ఆ రోజు కార్యక్రమం ప్రకటించాడు.

"పదింటికల్లా నాలుగు అద్దాలూ బిగించేస్తా. పదకొండింటికి స్నానం. పన్నెండింటికి భోజనం."

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన 'పదింటికల్లా' అన్న పనులు ఏ పదింటికి పూర్తయ్యాయో ఇల్లాలికి బాగా తెలుసు. లేచి వంటింట్లోకి వెళ్ళి, చల్లారినా తినగలిగే వంట ఏముందా అని ఆలోచించసాగింది.

పనల్లా పెరట్లో రేకుల షెడ్డు కింద ఉన్న పాత వ్యానుతో. అది మామగారిది. ఆయన లాండ్రీ నడిపిన రోజుల్లో వారమంతా ఇస్త్రీ బట్టల మూటలు మోసేది. సెలవు రోజున వెనక రెండు బల్లలు వేస్తే ఇంటిల్లిపాదినీ మోసేది. లాండ్రీ మూతబడి, మామగారు పోయి ఏళ్ళు గడిచినా, ఎండ కాసిన రోజున తలుపు తీస్తే ఇప్పటికీ లోపల వెచ్చటి ఇస్త్రీ వాసన వస్తుందని ఇంట్లో అందరూ అంటారు. ఎంత ఎగబీల్చినా ఇల్లాలికి పెట్రోలు వాసన తప్ప మరొకటి తగిలేది కాదు. ఆ మాట ఆమె ఎన్నడూ పైకి అనలేదు.

మర్నాడు తొమ్మిదింటికి ఆ వ్యానుకి తనిఖీ ఉంది. పోయిన ఏడాది తనిఖీ చేసిన అధికారి లోపల కూర్చుని, బయటి నుంచి అద్దాల మీద ఒక బకెట్టు నీళ్ళు పోయించాడు. అందులో సగం ఆయన కాలర్లోకి దిగింది. "వచ్చే ఏడాది కూడా కారిందంటే రోడ్డెక్కనివ్వను. తుక్కుకి వేసేసుకోండి," అని చెప్పి తల తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. తండ్రి ఒళ్ళో కూర్చుని ఆ స్టీరింగు మీదే బండి నేర్చుకున్న భర్తకు ఆ 'తుక్కు' అన్న మాట ఏడాదిగా గొంతులో ముల్లులా ఉండిపోయింది. అన్నం తింటూ తింటూ ఆగి, "తుక్కట!" అనేవాడు.

కారేవి పక్క కిటికీలు, అటు రెండు, ఇటు రెండు. చూడటానికి నాలుగూ తోబుట్టువుల్లా ఒకేలా ఉంటాయి కాని, కొలిస్తే ఏ రెండూ ఒకటి కావు. బట్టల వ్యానుకి మామగారు తర్వాత కిటికీలు కోయించారు. కోసిన మేస్త్రీ కొలబద్ద కన్నా తన కంటిని ఎక్కువ నమ్మిన మనిషి. అందుకే అద్దాల అంచుకి తొడిగే కొత్త రబ్బరు చుట్లు కిటికీకొకటి చొప్పున విడిగా చేయించాల్సి వచ్చింది. ఆ పని పక్క వీధిలో ఉండే ఆడపడుచు మీదేసుకుంది. పోయిన నెల టేపు పట్టుకొచ్చి, కొలతలు తీసుకెళ్ళి, చుట్లు చేయించి, ఏది ఏ కిటికీదో చీటీల మీద రాసి, దారంతో కట్టి, నిన్ననే సంచిలో పంపించింది.

"అద్దాలకి కూడా నంబర్లేసి మరీ ఊడదీయండి," అంది ఇల్లాలు. ఉప్పు డబ్బా మీద 'ఉప్పు' అని రాసి అంటించే మనిషి ఆమె.

"నంబర్లెందుకు? అక్క రాసిన చీటీలు చూడు. అమ్మ, అక్క, తమ్ముడు, సామాను. చిన్నప్పటి నుంచీ ఎవరి కిటికీ వాళ్ళది. నేను చెప్తుంటా, నువ్వు రాసి అంటించు."

పాత రబ్బరు కోసి ఒక్కో అద్దం తీస్తూ ఆయన చెప్పసాగాడు. ఆమె గుండ్రటి అక్షరాలతో రాసి అంటించసాగింది.

"ఇది అమ్మది. ఇటు వెనక ఉన్నది సామానుది."

"నేను కూర్చునేదా?"

"ఆఁ, అదే. సామాను."

ఆమె ఆయన వైపు ఒకసారి చూసి, 'సామాను' అని రాసింది.

"ఇదిగో, ఇది నాది." భర్త గొంతు మెత్తబడింది. "డ్రైవరు సీటుకి సరిగ్గా వెనక. నాన్న భుజం మీంచి రోడ్డంతా కనపడేది. దానికి ఎదురుగా ఉన్న చిన్నది అక్కది. అందులోంచి కాలవ గట్టు తప్ప ఏం కనపడదు, పాపం."

అమ్మ చుట్టు అమ్మ అద్దానికి చొక్కా గుండీలా పట్టేసింది. సామానుదీ అంతే. అప్పటికి తొమ్మిదిన్నర. భర్త ఈల వేశాడు. ఆ తర్వాత 'అక్క' అని చీటీ ఉన్న చుట్టు తీసి 'అక్క' అద్దానికి తొడిగితే, అది పెద్దవాళ్ళ చొక్కా వేసుకున్న పిల్లాడిలా వేలాడింది. 'తమ్ముడు' చుట్టు 'తమ్ముడు' అద్దానికి మూడు మూలలు చుట్టి నాలుగో మూలకి రానంది.

"ఎండకి ఒకటి సాగింది, ఒకటి ముడుచుకుంది," అని తేల్చాడు భర్త.

"ఒకే సంచిలో ఉన్నాయి కదండీ. ఒకే ఎండకి రెండూ రెండు రకాలుగా అవుతాయా?"

"రబ్బరు సంగతి నీకేం తెలుసు?"

రబ్బరు సంగతి తెలిసిన మనిషి కత్తెర తెచ్చి, పెద్ద చుట్టులో రెండు వేళ్ళ ముక్క కోసి, కొసలు జిగురుతో అతికించాడు. అద్దానికి తొడిగితే సరిపోయింది. ఇక చిన్నదాన్ని పెద్దది చేయాలి. వంటింట్లోని పెద్ద గిన్నె పెరట్లోకి వచ్చింది, నీళ్ళు మరిగాయి, చుట్టు అందులో మునిగింది. మెత్తబడ్డాక దాన్ని షెడ్డు దూలానికి తగిలించి, అడుగున మామగారి నాటి బొగ్గుల ఇస్త్రీపెట్టె వేలాడదీశాడు.

వరండాలో కుర్చీలో కూర్చున్న అత్తగారు ఇదంతా చూస్తున్నారు.

"ఒరేయ్ నాన్నా, రబ్బరు ముందు సాగదీసి, దానికి తగ్గ బండి తర్వాత కొంటావా?"

"నువ్వు ఊరుకోమ్మా. సాగుతోంది!"

నిజంగానే సాగింది. పన్నెండింటికి దించి తొడిగితే, ముక్కుతూ మూలుగుతూ నాలుగో మూల కూడా ఎక్కింది. భర్త నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఆడపడుచు పెరటి తలుపు తోసుకుని వచ్చింది.

"అయ్యో, అయ్యో! ఆ అద్దానికి ఆ చుట్టు ఎందుకు తొడిగావురా? డ్రైవరు వెనకది నాది కదా!"

"నీదేంటి? నాది!"

"నీదెప్పుడైంది? నువ్వు కాలవ వైపు కూర్చుని కొంగల్ని లెక్కపెట్టేవాడివి!"

"కొంగల్ని లెక్కపెట్టింది నువ్వు! నేను నాన్నకి గేర్లు చెప్పేవాణ్ణి!"

"నాన్నకి నువ్వు గేర్లు చెప్పేవాడివా? అమ్మా, విన్నావా?"

ఇల్లాలికి తల తిరిగినంత పనైంది. అద్దాల మీద తను రాసింది భర్త జ్ఞాపకం. రబ్బరు మీద ఉన్నది ఆడపడుచు జ్ఞాపకం. ఇంతమంది చదువుకున్నవాళ్ళున్న ఇంట్లో 'ఒకటి, రెండు' అని రాసే బుద్ధి తనకు తప్ప ఒక్కరికీ పుట్టలేదు.

ఆడపడుచు ఆగలేదు. రెండు చుట్లూ పీకి, అటుది ఇటు, ఇటుది అటు తొడిగింది. కోసిన చుట్టు డ్రైవరు వెనక అద్దానికి రెండు వేళ్ళు చాలలేదు. సాగదీసింది కాలవ వైపు అద్దం మీంచి జారి కింద పడింది.

"చూశావా, నేను చెప్పలా, కొలతే తప్పు తీశావు!" అన్నాడు తమ్ముడు.

"నా కొలత తప్పా? నువ్వు కత్తెర పట్టుకున్నప్పుడే అనుకున్నా! చిన్నప్పుడు నా లంగా అంచు కోసింది కూడా నువ్వే!"

"మళ్ళీ ఉడకబెడతా. ఆ గిన్నె ఇటు తే!"

వాదన ముదురుతుండగా ఇల్లాలు డ్రైవరు వెనక కిటికీ అంచు శుభ్రం చేస్తోంది. పాత రబ్బరు కింద గాడిలో నల్లటి మట్టి పేరుకుపోయి ఉంది. చెంచా కాడతో గీరుతుంటే టిక్కున ఏదో తగిలింది. తీసి చూస్తే తలపిన్ను. దాని వెనకే ఇంకోటి. మొత్తం ఆరు.

"అవి నావే!" అంది ఆడపడుచు, కోర్టులో గెలిచినట్టు.

ఇంకాస్త గీరితే గోటి పొడవున్న పెన్సిలు ముక్కలు వచ్చాయి, నాలుగు. కొసలన్నీ కొరికి ఉన్నాయి. పెన్సిళ్ళు కొరికే అలవాటు ఆ ఇంట్లో ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఇప్పటికీ ఆఫీసులో కొరుకుతాడు.

ఇద్దరూ ఆ ముక్కల్నీ పిన్నుల్నీ అరచేతుల్లో పెట్టుకుని తల్లి వైపు తిరిగారు. అత్తగారు నింపాదిగా అన్నారు:

"వెళ్ళేటప్పుడు దాన్ని కూర్చోబెట్టేవాళ్ళు మీ నాన్న. వచ్చేటప్పుడు నిన్ను. లేకపోతే దారంతా కొట్టుకునేవాళ్ళు కదరా. మీకు ఎవరికి కావలసింది వాళ్ళకి గుర్తుంది."

ఆడపడుచు ఒక పెన్సిలు ముక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ, "వచ్చేటప్పుడు నేను నిద్రపోయేదాన్ని కదూ," అంది మెల్లగా. "దిగేటప్పుడు నాన్న భుజం మీద ఎత్తుకునేవాడు. ఆయన చొక్కాకి గంజి వాసన."

"గంజి కాదక్కా, ఇస్త్రీ వాసన," అన్నాడు తమ్ముడు. ఈసారి ఆమె తలూపింది.

ఇల్లాలు ఆ సందు దొరకబుచ్చుకుని టేపు తీసింది. రెండు చుట్లూ కొలిచింది, రెండు అద్దాలూ కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"ఏవండీ, కోసింది చిన్న అద్దానికి సరిపోయింది. సాగదీసింది పెద్దదానికి సరిపోయింది. మీరు పాడుచేసింది పాడుచేసినట్టే వదిలేస్తే అంతా సరిగ్గా ఉంది. వదినా, దయచేసి మీరు దిద్దకండి. సాగదీసింది చల్లారి ముడుచుకునేలోగా బిగించేద్దాం."

అత్తగారు లేచి చీర చెంగు దోపుకున్నారు. రబ్బరు గాడిలో చుట్టూరా సన్నటి తాడు పెట్టి, సబ్బునీళ్ళు రాసి, బయటి నుంచి ఒకరు అద్దం నొక్కుతుంటే లోపలి నుంచి ఒకరు తాడు లాగాలి. తాడు వస్తున్న కొద్దీ రబ్బరు పెదవి విప్పుకుని రేకు అంచును కరుచుకుంటుంది. ఈ కిటికీలు మొదటిసారి బిగించినప్పుడు లోపల తాడు లాగింది ఆవిడేనట. ఇప్పుడు ఆ తాడు కోడలి చేతికిచ్చారు.

"గబగబా లాగకు. జడ విప్పినట్టు లాగు."

జడ విప్పినట్టే లాగింది. నాలుగు కిటికీలూ ఒకదాని తర్వాత ఒకటి చప్పుడు లేకుండా కూర్చున్నాయి. చివరిది బిగించాక అత్తగారు అద్దం మీది చీటీ చూసి మొహం చిట్లించారు.

"సామానేమిటి? ఇన్నేళ్ళుగా మనిషి కూర్చుంటుంటే. అది చింపి వేరేది రాయి."

ఆమె 'కోడలు' అని రాసి అంటించింది. అక్షరాలు ఎందుకో ఎప్పటికన్నా కాస్త పెద్దగా వచ్చాయి.

అయిదింటికి గొట్టంతో నీళ్ళు కొట్టి చూశారు. లోపలికి ఒక్క చుక్క రాలేదు. అక్కడితో ఆగితే బాగుండేది. కాని సంచి అడుగున, చుట్లు చేసినవాడు కొసరుగా ఇచ్చిన రెండు బారల రబ్బరు పట్టీ మిగిలింది.

"పని అయిపోయిందిగా, ఊరుకోండి," అంది ఇల్లాలు.

"వృథా ఎందుకు?" అని భర్త దాన్ని కోసి, ముందు తలుపుల్లో కిందికీ పైకీ జరిగే అద్దాల గాడుల్లో కూరాడు.

సోమవారం తొమ్మిదింటికి నలుగురూ తనిఖీ కార్యాలయం ఆవరణలో ఉన్నారు. పాత అధికారి బదిలీ అయ్యాడు. కొత్తాయన బ్రేకులు చూశాడు, దీపాలు చూశాడు, హారను కొట్టి చూశాడు. "బాగుంది, తీసుకెళ్ళండి," అని సంతకానికి కలం తీశాడు.

భర్త మొహం వాడిపోయింది.

"సార్, అద్దాలు?"

"ఉన్నాయిగా."

"నీళ్ళు పోయించరా సార్?"

"ఎందుకండీ?"

"కారవు సార్!"

"మంచిది."

ఇల్లాలు వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగింది. ఆడపడుచు, "ఒరేయ్, పదరా," అని గొణిగింది. కాని ఏడాదిగా 'తుక్కు'ను గొంతులో మోసిన మనిషి ఒక్క బకెట్టు నీళ్ళయినా లేకుండా ఇంటికి వెళ్ళగలడా? "ఒక్కసారి లోపల కూర్చుని చూడండి సార్, మా తృప్తి కోసం," అని బతిమాలాడు. మొహమాటానికి ఆయన ఎక్కాడు, వెనకే నలుగురూ ఎక్కారు. తలుపులు మూశారు. బంట్రోతు ఒకటి కాదు, మూడు బకెట్లు పోశాడు.

నీరు రాలేదు. గాలి కూడా రాలేదు. పైన ఎండ, లోపల అయిదుగురు. నాలుగు నిమిషాల్లో అద్దాలన్నీ ఆవిరితో మసకబారాయి. అధికారి జేబురుమాలుతో మెడ తుడుచుకుని, "ఆ ముందు అద్దం కాస్త దించండి," అన్నాడు. భర్త హ్యాండిలు తిప్పాడు. అద్దం కదల్లేదు. రెండో వైపు హ్యాండిలు గట్టిగా తిప్పితే అది ఊడి చేతిలోకి వచ్చింది.

"ఇన్నేళ్ళూ మనం పీల్చింది ఆ కంతల్లోంచి వచ్చిన గాలేరా," అన్నారు అత్తగారు విసనకర్రలా చెంగు ఊపుకుంటూ.

అధికారి కిందికి దిగి, గుండెల నిండా గాలి పీల్చుకుని, వ్యాను పాసైనట్టు సంతకం పెట్టాడు. దాని కింద మరో రెండు వాక్యాలు కూడా రాశాడు: 'లోపలికి గాలి ఆడటం లేదు. పక్క కిటికీల్లో ఒకదాని అద్దం తీయించి జాలీ పెట్టించి, నెలలోగా చూపించవలెను.'

తిరుగు ప్రయాణంలో, తలుపులు వారగా తెరిచి పట్టుకుని కూర్చుని, ఎవరి అద్దం తీయాలన్న చర్చ మొదలైంది. అత్తగారు కళ్ళు మూసుకుని నిద్ర నటించారు. ఇల్లాలు తన కిటికీకి జారబడి, దాన్ని వీపుతో పూర్తిగా కప్పేసింది. డ్రైవరు వెనకదైతే గాలి బాగా వస్తుందని అందరూ ఒప్పుకున్నారు.

"అది నీదేగా అక్కా," అన్నాడు తమ్ముడు.

"నాదేంటిరా? నీదే."

నలభై ఏళ్ళ కిందా, మళ్ళీ నిన్నా ఆ కిటికీ నాదంటే నాదని కొట్టుకున్న అక్కాతమ్ముళ్ళు, ఇల్లు చేరేలోగా దాన్ని ఒకరికొకరు మూడుసార్లు ధారపోసుకున్నారు.